కోటలో రెండు రోజులు సైనికుల వేషం: ఫిరంగి పెట్టాల్సిందేనా?

ఓరుగల్లు_పోరడు
వచ్చే శని, ఆదివారాలు ఖిలా వరంగల్‌లో కాకతీయుల కాలం నాటి సైనికుల బతుకు ఎలా ఉండేదో చూపించాలని మా కుర్రాళ్లం నలభై మందిమి పూనుకున్నాం. గుడారాలు, వంట, కత్తిసాము, చివర్లో 1323లో ఢిల్లీ సైన్యం చేసిన కోట ముట్టడి. నేను మామూలు కాల్బంటుని, డైలాగు కూడా లేదు. నిన్న రాత్రి మీటింగులో గొడవైంది. డబ్బు పెడుతున్న పెద్దమనిషి "ఫిరంగి లేకుంటే జనం ఎందుకు వస్తారు?" అని పట్టుబట్టాడు. ఫైబర్ ఫిరంగి, లోపల దీపావళి బాంబు. డ్రెస్సులేమో డ్రామా సామాన్లు అద్దెకిచ్చే షాపు నుంచి: తళతళలాడే సాటిన్, ప్లాస్టిక్ కవచం, నెమలి ఈక. నాకైతే పౌరాణిక నాటకంలో ద్వారపాలకుడిలా ఉంది. గట్టిగా మాట్లాడితే "నువ్వేమన్నా చూసొచ్చినవా?" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి: అప్పటి కాల్బంటు ఏం కట్టుకునేవాడు, ఏం తినేవాడు, ఫిరంగి ఉండేదా లేదా? రేపు సాయంత్రం మళ్లీ మీటింగ్.

శాసనాల_పిచ్చోడు
ఫిరంగి లేదు. ఆ మాటే పరంగుల నుంచి, అంటే ఐరోపా వాళ్ల నుంచి వచ్చింది. పోర్చుగీసు వాస్కోడగామా కాలికట్ తీరాన దిగింది 1498లో. మన కోట పడింది 1323లో. నడుమ 175 ఏళ్లు. మీ పెద్దమనిషికి ఈ లెక్క ఒక కాగితం మీద రాసివ్వండి.
అప్పుడున్నవి రాళ్లు విసిరే చెక్క యంత్రాలు. ఢిల్లీ సైన్యం వాటిని మంజనీక్ అనేది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పటి సంగతి అమీర్ ఖుస్రో రాశాడు. మన మట్టికోటకు రాతిగుండు తగిలితే పిల్లలాడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి పడుతుందన్నాడు. అవతలి పక్షం కవే అంత మాట అన్నాడంటే ఆ గోడ ఎంత గట్టిదో చూడండి. దాని ముందు దీపావళి బాంబు పేలుస్తారా?

కరీంనగర్_కాకా
ఫిరంగులే కావాలంటే మా దిక్కు జగిత్యాల ఖిల్లాకు రండి. నక్షత్రం ఆకారంలో కట్టిన కోట, పద్దెనిమిదో శతాబ్దంది, ఫిరంగులు నిజంగానే ఉన్నయి. వరంగల్‌కు అరువు మాత్రం ఇయ్యం.

కుట్టుమిషన్_అక్క
డ్రెస్సు సంగతి నేను చెప్తాను, తమ్ముడూ. స్కూలు వార్షికోత్సవాలకు ఇరవై ఏళ్లుగా రాజులకు, రాణులకు కుడుతున్నాను, సాటిన్ పాపంలో నాకూ వాటా ఉంది. రామప్ప గుడికి వెళ్లి శిల్పాల్లో మగవాళ్లను చూడండి. పైన బట్ట దాదాపు ఉండదు. కింద బిగించి కట్టిన పంచె, నడుముకు దట్టీ, దట్టీలో బాకు, తలకు పక్కగా ముడిచిన కొప్పు. అంత దూరం పోలేకపోతే మీ ఊరి చెరువుకట్ట మీదో, ఊరి బయటో వీరగల్లు ఉందేమో చూసుకోండి. మా ఊళ్లో దానికి పసుపు రాసి మొక్కుతారు గానీ, ఆ బొమ్మలో ఉన్నది యుద్ధంలో పోయిన బంటే. మీ కాల్బంటుకు అంతకన్నా మంచి ఫోటో దొరకదు.
నేత పంచె చాలు, ఒక్కో మనిషికి అయ్యే ఖర్చు అద్దె సాటిన్ కంటే తక్కువే. వద్దన్నా వినని వాళ్లకు ఒక మాట చెప్పండి: మార్కో పోలో ఈ రాజ్యం బట్టల గురించి సాలెగూడంత సన్నగా ఉంటాయని రాశాడు. అంత పేరున్న నేత బట్ట ఇక్కడుండగా పాలిస్టర్ దేనికి?

హన్మకొండ_హైకర్
పైన బట్ట లేకుండా నలభై మంది. పొట్టలున్న వాళ్ల పరిస్థితి ఏంటి అక్కా?

కుట్టుమిషన్_అక్క
వాళ్లను ధాన్యాగారం అధికారులుగా పెట్టండి.

మిర్చి_యార్డు
భోజనం మెనూ ఎవరు రాశారు? పోస్టర్‌లో చూశాను: "కాకతీయుల విందు: మక్క గారెలు, టమాట పప్పు, ఆలుగడ్డ వేపుడు, మిర్చి బజ్జీ". నోరూరింది, అందులో దాపరికం లేదు. కానీ ఇది ప్రతాపరుద్రుడి విందా, మా మేనమామ కూతురి పెళ్లి విందా?

శాసనాల_పిచ్చోడు
ఆ మెనూలో ఒక్కటీ 1323ది కాదు. మక్కలు, టమాట, ఆలుగడ్డ, మిరప, పల్లి, అన్నీ అమెరికా ఖండం పంటలే. పరంగుల ఓడల్లో దిగాయి. అంతకుముందు మనకు కారం అంటే మిరియమే. మిరప అన్న పేరు కూడా మిరియం నుంచే పుట్టింది.

మిర్చి_యార్డు
ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో నిలబడి ఈ మాట అనడానికి ధైర్యం కావాలి సార్. చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మొన్ననే మిఠాయి పంచుకున్నాం. మిర్చి లేకుండా ఆ సైనికులు యుద్ధం ఎలా చేశారో నాకు అర్థం కాదు. అందుకే ఓడిపోయారేమో.

బొమ్మల_టీచర్
నవ్వుకున్నది చాలు, పనికొచ్చేది చెప్తాను. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో తిండి ఎలా ఉండేదో క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఉంది. ఒక్క రూక ఇస్తే పూటకూళ్ల ఇంట్లో ఏం పెట్టేవారో కవి ఒక పద్యంలో వరసగా చెబుతాడు: సన్న బియ్యం అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు. అది డబ్బున్న బాటసారి భోజనం. బంటుకు ఇవన్నీ ఎక్కడివి? జొన్న గటకో జొన్న రొట్టెనో పెట్టండి. చింతపండు పులుసు, పెసరపప్పు, మిరియాలు, ఇంగువ, అన్నీ అప్పుడున్నవే. నంజుకోవడానికి ఉల్లిగడ్డ. పక్కన ఆ రూక భోజనం కూడా ఒక ఆకులో వడ్డించి పెడితే, ఎవరు ఏం తినేవారో జనానికి చూడగానే తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు
మీటింగులో ఇది చదివి వినిపిస్తాను టీచర్. వంట కాంట్రాక్టు తీసుకున్నాయన మాత్రం "టమాట లేకుండా పప్పు చేస్తే నా పేరు పోతది" అంటున్నాడు.

పడమరకోట_77
అందరూ బంటు ఏం తిన్నాడు, ఏం కట్టాడు అని మాట్లాడుతున్నారు. ఇప్పుడు కోట లోపల బతుకుతున్న మమ్మల్ని ఒక్కరన్నా అడిగారా? మాది పడమర కోట, తాతల కాలం నుంచి ఇక్కడే. పొలాలు, బర్రెలు, బడి, కిరాణా షాపు అన్నీ ఈ గోడల మధ్యనే. సెలవు రోజు వచ్చిందంటే ఎవరో ఒకరు మా వాకిట్లో నిలబడి "ఇక్కడ మనుషులు ఉంటారా?" అని అడుగుతారు. మూడేళ్ల కింద ఒక ప్రోగ్రాం అయ్యాక వారం రోజులు ప్లాస్టిక్ గ్లాసులు ఏరుకున్నాం. వాళ్ల పేరు ఇప్పుడెందుకులే.
ఇంకో మాట. శత్రువు ఏనుగులు తిన్నగా దూసుకురాకుండా ఆ దర్వాజాలను మలుపులు తిప్పి కట్టారంట కదా. ఆ తెలివి ఇప్పటికీ పనిచేస్తోంది, మా ట్రాక్టర్లు ఆగిపోతున్నాయి. అందులో రెండు టూరిస్టు బస్సులు ఎదురైతే ఇక తెల్లారే దాకా అంతే. ఆదివారం మా చిన్నాన్న మనవరాలి పెళ్లిచూపులు. అబ్బాయి వాళ్ల కారు లోపలికి ఎలా వస్తుందో ముందు చెప్పండి, తర్వాత కొప్పులు కట్టుకోండి.

హన్మకొండ_హైకర్
ఈయన అడిగింది నూటికి నూరు పాళ్లు నిజం. ముందు దీనికి జవాబు చెప్పాలి.

కరీంనగర్_కాకా
పెళ్లిచూపులకు వచ్చేటోళ్లను ఢిల్లీ సుల్తాన్ రాయబారులని చెప్పి రాచమర్యాదలతో లోపలికి తోలుకపోండి.

శాసనాల_పిచ్చోడు
అసలు అనుమతి తీసుకున్నారా పోరడా? తోరణాల దగ్గరి శిథిలాలు, రాతికోట, ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టం. రక్షిత స్థలంలో గుడారం మేకు దించొద్దు, పొయ్యి రాజేయొద్దు, అనుమతి లేకుండా కార్యక్రమమే చేయొద్దు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి నిలబెట్టిన గోడ అది. దానికి తాళ్లు కట్టి మీవాళ్లు ఎక్కుతుంటే చూడలేను.

ఓరుగల్లు_పోరడు
తోరణాల దగ్గర నడకకు మాత్రమే అనుమతి అడిగాం. గుడారాలు, వంట ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. నిజం చెప్పాలంటే అది ఆలోచించనే లేదు.

నయా_గైడు
కోహినూర్ ఘట్టం కూడా పెట్టండి బ్రో. భద్రకాళి అమ్మవారి కంటి నుంచి మాలిక్ కాఫుర్ తీసుకెళ్లే సీన్. నేను టూరిస్టులకు రోజూ చెప్తా, చప్పట్లే చప్పట్లు.

శాసనాల_పిచ్చోడు
చప్పట్లు వస్తాయి, ఆధారం రాదు. 1310లో ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చిన మాట నిజం. ఒక పెద్ద వజ్రాన్ని అల్లావుద్దీన్ తెచ్చాడని తర్వాత బాబరు రాసుకున్నదీ నిజం. అది ఓరుగల్లుదే అనడానికి గానీ, ఇప్పుడు లండన్‌లో ఉన్నది అదే అనడానికి గానీ రుజువు లేదు. అమ్మవారి కన్ను అన్నది ఇంకా తర్వాతి కథ.

నయా_గైడు
మీతో టూరుకు వస్తే టిప్పు కూడా రాదు సార్.

ములుగు_బాటసారి
నాకు వేరే అనుమానం. 1323 మనం ఓడిపోయిన ఏడాది. రాజును బందీగా పట్టుకుపోయారు, దారిలో నర్మద ఒడ్డున ప్రాణం పోయిందని విలస శాసనంలో ఉంది. ఊరి పేరు కూడా సుల్తాన్‌పూర్ అని మార్చారు. దాన్ని డప్పులు కొట్టి, సెల్ఫీలు దిగి జరుపుకోవడం ఏంటి? రుద్రమదేవి వర్ధంతి చేయండి. ఆమె మరణం సంగతి 1289 నవంబర్‌లో చందుపట్లలో వేయించిన శాసనంలో ఉండనే ఉంది.

కరీంనగర్_కాకా
ఓడింది చెప్పొద్దంటే మరి చరిత్రల చెప్పడానికి ఎంత మిగుల్తది?

బొమ్మల_టీచర్
బాటసారి గారన్న దాంట్లో బాధ ఉంది, నేను కాదనను. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహం జరిగినప్పుడు పిల్లలను తీసుకెళ్లాను. బస్తర్ రాజవంశం వారసుడు వచ్చారు, స్వాగతాలు, ప్రసంగాలు, అంతా వైభవమే. తిరిగొస్తుంటే బస్సులో మా ఏడో తరగతి పిల్ల ఒకతి "మరి ఎట్ల పోయింది టీచర్ ఇదంతా?" అంది. బస్సు హన్మకొండ చేరే లోపల ఏం చెప్పగలను? ముట్టడి చూపిస్తే ఆ పిల్లకు జవాబు దొరుకుతుందని నా ఆశ. కాకపోతే 1323 బదులు 1321 ఎందుకు చేయకూడదు?

శాసనాల_పిచ్చోడు
టీచర్, ఇదీ ఆలోచన అంటే. చదవని వాళ్ల కోసం రాస్తాను. 1321లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, నెలల తరబడి కోటను చుట్టుముట్టి కూర్చున్నాడు. కోట లొంగలేదు. ఈలోపు శిబిరంలో పుకారు లేచింది, ఢిల్లీలో సుల్తాన్ చచ్చిపోయాడని. వాట్సాప్ లేని రోజుల్లోనే ఆ పుకారు సైన్యాన్ని చెల్లాచెదురు చేసింది. సర్దారులు తలో దారి పట్టారు, ఉలుగ్ ఖాన్ ముట్టడి ఎత్తేసి దేవగిరి వైపు వెళ్లిపోయాడు.
గండం గడిచిందనుకుని మనవాళ్లు కోటలో నిలవ ఉన్న ధాన్యం ఖాళీ చేశారని ఒక కథనం. ఉలుగ్ ఖాన్ మరింత సైన్యంతో వెంటనే మళ్లీ వచ్చాడు. 1323లో తిండి లేని కోట ఎన్నాళ్లు నిలుస్తుంది? కత్తిసాము పదిహేను నిమిషాలు చాలు. గాదెలు ఎందుకు ఖాళీ అయ్యాయో ఒక్కటి చూపించగలిగితే, ఆ పిల్ల అడిగిన దానికి జవాబు అదే.

కుట్టుమిషన్_అక్క
చూశారా, పొట్టలున్న ధాన్యాగారం అధికారులే కథకు హీరోలు. నేను ముందే చెప్పాను.

అట్లాంటా_అల్లుడు
మాది పరకాల, ఉండేది అమెరికాలో. న్యూయార్క్ రాష్ట్రంలో ఫోర్ట్ టికొండెరోగా అని పాత సైనిక కోట ఉంది, వేషాలు వేసి అప్పటి పనులు చేసి చూపిస్తారు. పోయిన వేసవిలో వెళ్లాం. తుపాకులు పేలుస్తారు, జనం మూగుతారు, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. మా అబ్బాయి మాత్రం బూట్లు కుట్టే మనిషి దగ్గర గంట కూర్చున్నాడు. అతను ఎవరికీ నటించి చూపట్లేదు, నిజంగానే బూటు కుడుతున్నాడు. ఒక సైనికుడికి ఏడాదికి ఎన్ని జతలు కావాలి, తోలు ఎక్కడిది, దారానికి మైనం ఎందుకు రాస్తారు, అడిగినవన్నీ చెప్పాడు. మన దగ్గర కమ్మరి, కుమ్మరి, మేదరి ఇంకా ఉన్నారు కదా, వాళ్లను కూర్చోబెట్టండి. వేషం కూడా అక్కర్లేదు.

పడమరకోట_77
ఇప్పుడు దారికొచ్చారు. మా వెనక వీధిలో గొంగడి నేసే పెద్దాయన ఉన్నాడు. చలికాలం రాత్రి కాపలా కాసే బంటు గొంగడి లేకుండా ఎలా ఉంటాడు? ఆయన్ని నేను అడుగుతాను. కూలీ మాత్రం ఇవ్వాలి, శాలువా కప్పి ఫోటో దిగి పంపిస్తామంటే కుదరదు.
గుడారాల సంగతి. మట్టికోటకు ఇవతల నాకు ఎకరంన్నర చెలక ఉంది, పత్తి తీసేశాం, ఖాళీగానే ఉంది. ఆఫీసు వాళ్లు సరేనంటే అక్కడ పెట్టుకోండి. బండ్లన్నీ బయటే ఆపాలి, గ్లాసులు స్టీలువి తేవాలి, ఆదివారం పదకొండు గంటలకు ఆ దర్వాజాలో ఒక్క బండి అడ్డం ఉండొద్దు.

ఓరుగల్లు_పోరడు
అన్నా, రేపు పొద్దున మీ ఇంటికి వస్తున్నాను.

గుర్రపు_డెక్క
గుర్రాల మాట ఎవరూ ఎత్తలేదేం? కాకతీయులకు మంచి గుర్రాలు సముద్రం మీద రావాల్సిందే, అందుకే మోటుపల్లి రేవు మీద అంత శ్రద్ధ. 1244లో గణపతిదేవుడు అక్కడ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. మీరు ఎక్కడి నుంచి తెస్తున్నారు?

ఓరుగల్లు_పోరడు
బారాత్ గుర్రాలు అన్నా. రెండు.

గుర్రపు_డెక్క
డప్పు కొట్టనీయకండి. నా అనుభవంతో చెప్తున్నా.

(తర్వాతి సోమవారం)

ఓరుగల్లు_పోరడు
అయిపోయింది. రెండు రోజులుగా నిద్ర లేదు, గుర్తున్నది రాస్తున్నాను.
1321కి అందరూ ఒప్పుకున్నారు. వెదురు, సర్వీ కర్రలతో చిన్న మంజనీక్ కట్టాం. అసలు కోట వైపు ఒక్క రాయి కూడా వేయలేదు, చెలకలోనే నడుమెత్తు మట్టికట్ట పోసి దాని మీదికి మట్టిముద్దలు విసిరాం. పక్కన ఇటుకలతో కూడా ఒక గోడ పేర్చాం. ఇటుక గోడ మూడో దెబ్బకు విడిపోయింది. మట్టికట్ట ముద్దలను మింగుతూ కూర్చుంది. ఒక తాత వచ్చి "మరి మా ఇల్లు సిమెంటుతో ఎందుకు కట్టించుకున్నట్టు?" అని కొడుకుతో పంచాయితీ పెట్టుకున్నాడు. పిల్లల లైను అక్కడ సాయంత్రం దాకా తెగలేదు.
డబ్బు పెట్టినాయన కోసం ఫైబర్ ఫిరంగిని బయట బండ్లు ఆపే చోట పెట్టాం. పైన బోర్డు: "ఇది 1323లో లేదు". నిజం చెప్తున్నా, ఎక్కువ ఫోటోలు దానితోనే దిగారు. ఆయన ఖుషీ.
పేరిణి చేసిన పిల్లలు బాగా చేశారు. నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి, రామప్ప శిల్పాలు చూసి ఈ నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారని మొదలుపెట్టే ముందే చెప్పారు. ఆ జాయపుడే గణపతిదేవుడి గజసాహిణి, ఏనుగుల దళం ఆయన చేతిలో ఉండేదని చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు.

గుర్రపు_డెక్క
గుర్రాలు?

ఓరుగల్లు_పోరడు
పేరిణి డప్పు మొదలవగానే రెండూ ముందు కాళ్లెత్తి తీన్మార్ వేశాయి. సేనాపతి కింద పడ్డాడు. దెబ్బలేం లేవు. జనం అది కూడా ప్రోగ్రాంలో భాగమే అనుకుని మళ్లీ చేయమన్నారు.

బొమ్మల_టీచర్
నేను, మా పిల్లలు పన్నెండు మంది వెళ్లాం. జొన్న గటక చాలా మందికి నచ్చలేదు, దాచను. పెసరపప్పు, మిరియాల పులుసు మాత్రం అయిపోయాయి. గాదెల సన్నివేశం మాటలు తక్కువ పెట్టి చేశారు. ధాన్యం కొలిచి అమ్మేస్తున్న అధికారి వేషం వేసినాయన బాగున్నాడు, పొట్ట కూడా సరిపోయింది. బస్సులో అడిగిన ఆ పిల్ల ఇప్పుడు పదిలో ఉంది. చివర్లో ఆయన దగ్గరికి పోయి "కొంచెమన్నా ఉంచుకోవాల్సింది కదా అంకుల్" అని నిలదీసింది. ఆయనకు ఏం చెప్పాలో తోచక "పై నుంచి ఆర్డరమ్మా" అన్నాడు.

ములుగు_బాటసారి
నేనూ వచ్చాను. అభ్యంతరం ఉన్నా వచ్చాను. చివర్లో నర్మద మాట చెప్పి, ఒక్క నిమిషం డప్పు ఆపారు చూడండి, అది బాగుంది. మైకులో ఆ సినిమా గొంతు లేకపోతే ఇంకా బాగుండేది. రుద్రమదేవి వర్ధంతి సంగతి మాత్రం వదలను.

మిర్చి_యార్డు
నేను కాల్బంటుల పంక్తిలో కూర్చుని తిన్నాను. దట్టీలో నాలుగు పచ్చిమిరపకాయలు దాచుకుని వెళ్లాను. పక్కనున్న బంటు చూశాడు. కోపపడతాడనుకున్నాను, చెయ్యి చాపాడు.

శాసనాల_పిచ్చోడు
ఆ పక్కనున్న బంటు నేనే అని ఎవరికీ చెప్పనన్నారు కదండీ.

కరీంనగర్_కాకా
దొరికిండు!

హన్మకొండ_హైకర్
పెళ్లిచూపులు ఏమయ్యాయి?

పడమరకోట_77
కారు టైముకే లోపలికి వచ్చింది. అబ్బాయి వాళ్లు మాట్లాడి వెళ్తూ చెలకలో ఆగి మంజనీక్ చూశారు, గంటన్నర కదల్లేదు. సంబంధం ఖాయమయ్యేట్టే ఉంది. గొంగడి తాతకు ఆరు ఆర్డర్లు వచ్చాయి. స్టీలు గ్లాసులు రెండు తక్కువొచ్చాయి, అది తేల్చాలి.
ఇంకొకటి. పొద్దున చెలకలో ఒక ప్లాస్టిక్ కవచం దొరికింది. మా బర్రె సగం నమిలింది. అద్దె షాపు ముద్ర ఉంది దాని మీద. ఎవరిది?

ఓరుగల్లు_పోరడు
ప్లాస్టిక్ వద్దని అందరం ఒట్టేసుకున్నాం కదా! ఎవడు వేసుకొచ్చాడు?

నయా_గైడు
సారీ బ్రో. చలి పెట్టింది.